సంతానము లేనివారి ప్రశ్నలు

పెండ్లియై రెండేండ్లు దాటినదో లేదో మన యిండ్లలో నొక ప్రశ్న పుట్టును. "ఏమైన విశేషమా?" యని పేరంటమునకు వచ్చినవారు కోడలి నడుగుదురు. మూడవయేట ఆ ప్రశ్న అత్తగారికి పోవును. నాలుగవయేట ఆ కోడలిని సీమంతములకు పిలుచుట మానుదురు. ఈలోపల నామె రావిచెట్టు చుట్టు ప్రదక్షిణములు చేసియుండును, నాగులపుట్టలో పాలు పోసియుండును, ముగ్గురు వైద్యులకు చూపించుకొనియుండును. ఆమె మగడు మాత్ర మొక్క వైద్యుని గడపయైన త్రొక్కియుండడు. ఇది యేదో మాఱుమూల పల్లెకు చెందిన చిత్రమని తలచువారు పొరబడుచున్నారు. హైదరాబాదునను, విశాఖపట్టణమునను, విదేశములలో పెద్ద యుద్యోగములు చేయుచున్న మనవారి యిండ్లలోను ఇదియే కథ. పుట్టలతోపాటు స్కానింగులు హెచ్చినవి. నింద మాత్రము చోటు కదలలేదు.

సంతానలేమి అరుదైన దురదృష్టము కాదు. ప్రపంచారోగ్యసంస్థ 2023 ఏప్రిలులో వెల్లడించిన లెక్క ప్రకారము వయోజనులలో నూటికి 17.5 మంది, అనగా ఆఱుగురిలో నించుమించు ఒకరు, జీవితమున నెప్పుడో యొకప్పు డీ బాధకు లోనగుచున్నారు. ధనిక దేశములకును పేద దేశములకును ఇందు పెద్ద భేదము కానరాలేదు. మన నాయకు లీమధ్య జననములు తగ్గిపోవుచున్నవని వేదికలపై వాపోవుచున్నారు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఒక్కొక్క స్త్రీకి కలుగు బిడ్డల సగటు ఆంధ్రప్రదేశమున 1.7, తెలంగాణమున 1.8 యని తేలిన మాట నిజమే. కాని వలదనుకొనువారిని ఎక్కువమందిని కనుడని బ్రతిమాలుటకంటె, కావలెనని కోరియు కనలేకున్నవారి గోడు వినుట ముందు చేయదగిన పనియని మాకు తోచుచున్నది.

ఇట్టి దంపతులు మొదట నడుగు ప్రశ్న, ఎంతకాలము వేచియుండవలె ననునది. వైద్యశాస్త్రము దీనికి సూటిగనే ప్రత్యుత్తర మిచ్చుచున్నది. ఏ నిరోధమును లేక పండ్రెండు నెలలు కాపురము చేసినను గర్భము నిలువనిచో పరీక్షలు చేయించుకొనవలెను. స్త్రీకి ముప్పదియైదేండ్లు దాటినచో ఆఱు నెలలకే వైద్యుని చూడవలెను. ఋతుక్రమము తప్పుచున్నను, పూర్వము క్షయ సోకియున్నను, కడుపులో శస్త్రచికిత్స జరిగియున్నను అంతవఱకైన ఆగనక్కఱలేదు. ఆరోగ్యవంతులైన పడుచుదంపతులు నూఱు జంటలలో ఎనుబదికి పైగా మొదటి సంవత్సరముననే ఫలము నందుదురు. మిగిలినవారిలో సగముమందికి రెండవ సంవత్సరమున తీఱును. కావున పెండ్లియైన ఆఱవ నెలనుండియే పడుచుపిల్లను ఆసుపత్రులకు త్రిప్పుట అనవసరము. ఆఱేండ్లు ఊరకుండుట ప్రమాదము.

ఇచట నొక్కమాట. పండ్రెండు నెలలనగా కలిసి యున్న నెలలు. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండి దుబాయికి పోయిన యువకుడు ఏడాదికో రెండేండ్లకో ఒక్కమాఱు నెలదినముల సెలవుపై వచ్చిపోవును. గర్భము నిలుచుటకు వీలగు దినములు నెలకు సుమా రాఱు మాత్రమే. అండము విడుదలయగు దినమును, దానికి ముం దైదు దినములును. అండము తరువాతి ఋతువునకు రమారమి పదునాలుగు దినములు ముందుగా విడుదలయగును. ఆ సెలవులో ఆ దినములు కలిసివచ్చునో రావో! అట్టి యింటిలో నాలుగేండ్లు గడచినంతమాత్రమున ఆ పిల్లకు గొడ్రాలను బిరుదు తగిలించుట లెక్క తెలియనితనము.

ఇక రెండవ ప్రశ్న: లోపమెవరిది? ఈ ప్రశ్నకు మన సంఘము శాస్త్రము నడుగక పూర్వమే తీర్పు చెప్పియున్నది. తెలుగులో గొడ్రాలను మాటయున్నది. అంత పదునుగా మగవానికి తగులు మాట వాడుకలో లేదు. బిడ్డలు కలుగని భార్యయుండగా ఎనిమిదవయేట వేఱొకతెను తెచ్చుకొనవచ్చునని మనుస్మృతి యనుజ్ఞ యిచ్చినది. భర్త వలన బిడ్డలు కలుగనిచో నేమిచేయవలెనో ఆ లోకమున నెవరును ఆమె నడిగి చెప్పలేదు. 1955 నాటి హిందూవివాహ చట్టము రెండవ పెండ్లిని నిషేధించినది. ఆ చట్టమున సంతానము కలుగకపోవుట విడాకులకు కారణము కాదు. నపుంసకత్వము వేఱు, వంధ్యత్వము వేఱు అని చట్టమునకు తెలిసినంత మన పెద్దలకు తెలియదు. బిడ్డలు కలుగలేదని పంచాయితీ పెట్టి, కట్నములో కొంత తిరిగియిచ్చి పిల్లను పుట్టింటికి పంపు నాచార మింకను అక్కడక్కడ సాగుచునేయున్నది.

శాస్త్రము చెప్పునది వేఱు. పిల్లలు లేని జంటలలో నించుమించు సగమింట పురుషుని లోపము పూర్తిగానో, కొంతయో కారణమగుచున్నది. దానిని కనుగొనుటకు చేయు వీర్యపరీక్ష అన్నింటిలోను సులభమైనది, నొప్పిలేనిది, మిక్కిలి చవుక. రెండుమొదలు ఏడు దినముల బ్రహ్మచర్యము పాటించి ప్రయోగశాలలో నమూనా నిచ్చిన చాలును. స్త్రీకి చేయు పరీక్షలన్ననో, గర్భాశయములోనికి రంగుమందు నెక్కించి ఎక్స్‌రే తీయుదురు. దాని నొప్పి పడినవారికే తెలియును. కొందఱకు మత్తుమందిచ్చి పొట్టకు గండిపెట్టి గొట్టము దింపి చూతురు. చవుకయు సుకరమునైన పరీక్షను ముందు చేసి, కష్టమైనదానిని వెనుకకు నెట్టవలెనను ఇంగితజ్ఞానము తలక్రిందులై, స్త్రీకి అన్నియు ముగిసినపిమ్మట "మీవారిని కూడ ఒకసారి..." అని వైద్యులు నసుగుచున్నారు. అప్పటికి మూడు నాలుగేండ్లు గతించియుండును. ఆ యేండ్లు మగవానికి పెద్ద నష్టము చేయవు. ఆమెకు చేయును.

పరీక్షకు పోవుటకు మగవారికి గల వెఱపునకు మూలము పుంస్త్వమునకును సంతానశక్తికిని ముడిపెట్టుటయే. బలిష్ఠుడు, సంసారసుఖమునకు లోటులేనివాడు, అయినను వీర్యమున నొక్క కణమైనను లేనివా డుండవచ్చును. ప్రపంచారోగ్యసంస్థ 2021లో సవరించిన ప్రమాణము ననుసరించి మిల్లీలీటరునకు కోటియఱువది లక్షల కణములు క్రింది హద్దు. కదలునవి నూటికి నలువదిరెండు. అంతకు తగ్గినవాడు తండ్రి కాజాలడని గాని, మించినవాడు తప్పక యగునని గాని దీని యర్థము కాదు. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. కణము తయారగుటకు రమారమి రెండున్నర నెలలు పట్టును గనుక జ్వరమువచ్చిన మనుష్యుని పరీక్ష మరల చేయవలెను. పొగాకు, గుట్కా, మద్యము మానినవాని ఫలితమును మూడు నెలల పిదప చూడవలెను. వృషణముల చుట్టు సిరలుబ్బుట, వయసు వచ్చినపిదప సోకిన గవదబిళ్లలు, మధుమేహము, స్థూలకాయము, కొలిమియెదుటనో బాయిలరు ప్రక్కనో వేడిలో చేయు పని మొదలగునవి కారణములు కావచ్చును. ఈ తరమున నొక క్రొత్త కారణము తలయెత్తినది. వ్యాయామశాలలలో కండలు పెంచుటకై కుఱ్ఱవాండ్రు టెస్టోస్టిరాను సూదులు వేయించుకొనుచున్నారు. మగతనము నిచ్చునని వారు నమ్మిన ఆ మందే శరీరములోని కణోత్పత్తిని అణచివేయునని వారి కెవరును చెప్పుట లేదు. మానివేసినచో చాలమందికి నెలలమీద శక్తి తిరిగివచ్చును. అందఱకును రాదు.

స్త్రీల విషయమున కారణములు పెక్కు. అండము క్రమముగా విడుదల కాకుండుట అన్నింటికంటె సామాన్యము. పీసీఓఎస్ అని నేడు ప్రతియింటను వినబడుచున్నది దానిలో ముఖ్యము. దీనికి బరువు తగ్గుటయు, లెట్రొజోలువంటి బిళ్లలును ఎందఱకో చాలును. థైరాయిడు లోపము రక్తపరీక్షతో పట్టుబడును. అండవాహికలు మూసికొనిపోవుట మనదేశమున నొక ప్రత్యేకవిషాదము; ఏలయన గర్భాశయమునకు సోకు క్షయ ఏ దగ్గును ఏ జ్వరమును లేక సంవత్సరముల తరబడి లోలోపల నాళములను చెఱచును, స్త్రీకి తెలియనే తెలియదు. క్షయను జయింతుమని ప్రకటనలు చేయు ప్రభుత్వము ఊపిరితిత్తులతోపాటు గర్భకోశముల లెక్కయు తీయవలెను.

వయస్సు మాట దాచిపెట్టి ప్రయోజనము లేదు. ఆడశిశువు పుట్టునప్పుడే తన జీవితమునకు కావలసిన అండములన్నిటిని, పది యిరువది లక్షలు, వెంటదెచ్చుకొనును, పెద్దమనిషియగునప్పటికి అవి మూడు నాలుగు లక్షలగును, క్రొత్తవి పుట్టవు. ముప్పదియైదేండ్లు దాటినపిదప వాని సంఖ్యయు నాణ్యమును వడిగా తగ్గును. ఇది చెప్పుట స్త్రీలు చదువుకొనరాదనుటకు గాదు; చదువును, ఉద్యోగమును, పెండ్లిని వారి కష్టముమీదనే సర్దుకొనుమనుచున్న సంఘమునకు ఈ గడియారము కూడ తెలియవలెననుటకు. ఈ భయమును సొమ్ము చేసికొనువా రప్పుడే వెలసినారు. ఏఎంహెచ్ అను రక్తపరీక్ష చేయించి, "నీ అండములు అయిపోవుచున్నవి" అని పెండ్లికాని పిల్లలను కూడ బెదరించుచున్నారు. ఆ పరీక్ష అండముల రాశిని సూచించునే గాని నాణ్యమును తెలుపదు. సహజముగా గర్భము వచ్చునో రాదో చెప్పజాలదు.

చికిత్స యనగానే ఐవీఎఫ్ అని మన పట్టణములలోని గోడలు, బస్సులు, టెలివిజనులు ఘోషించుచున్నవి. అందఱకును అది యవసరము లేదు. బిళ్లలతో తీఱువారు పెక్కుమంది. శుద్ధిచేసిన వీర్యమును సకాలమున గర్భాశయమున ప్రవేశపెట్టు ఐయూఐతో కొందఱకు తీఱును. నాళములు రెండును మూసికొనిపోయినవారికి, ఏండ్లు గడచినవారికి, ఇతర మార్గములు విఫలమైనవారికి ఐవీఎఫ్ వరమే. సూదులతో పెక్కు అండములను పండించి, వానిని వెలికి తీసి, ప్రయోగశాలలో వీర్యకణములతో కలిపి, రూపొందిన పిండమును గర్భాశయమున నుంతురు. ఒక్క కణమునే సూదితో అండములోనికి చొప్పించు ఇక్సీ పద్ధతి 1992లో బెల్జియమునుండి లోకమునకు తెలిసినపిదప, కణములు మిక్కిలి కొఱతయైన పురుషులును తండ్రులగుచున్నారు. ఇదంతయు నిజము. అయితే ఒక్కొక్క ప్రయత్నమునకు లక్షకు పైబడి వ్యయమగుచు, ఫలము నిశ్చయము కానిచోట, "నూటికి ఎనుబది విజయము" అని గోడమీద వ్రాయుట యే లెక్కయో మాకు బోధపడదు. బ్రిటనులో ఈ చికిత్సాలయములను అదుపుచేయు సంస్థ 1991నుండి పనిచేయుచు ప్రతి కేంద్రము ఫలితములను ప్రజలముందుంచుచున్నది. అచటి యిటీవలి లెక్కలలో ముప్పదియైదేండ్లకు లోబడిన స్త్రీలకు ఉంచిన పిండములలో బిడ్డయై పుట్టినవి సుమారు మూడింట నొకటి. నలువదిమూడు దాటినవారికి తమ అండములతో ఇరువదింట నొకటికి మించవు. గర్భపరీక్ష ఫలించుట వేఱు, బిడ్డ చేతికివచ్చుట వేఱు. మొదటిదానిని చెప్పి రెండవదానిగా నమ్మించుట చిల్లరకొట్టులో తూకము తగ్గించుటవంటిదే.

విజయసంఖ్యకై రెండు మూడు పిండముల నొక్కసారిగా నుంచుట మఱియొక యవినీతి. కవలలు పుట్టిరని ఇంటిల్లిపాదియు సంతోషింతురు. నెలలునిండని కాన్పు, తక్కువ బరువు, తల్లికి రక్తపుపోటు అను బిల్లు తరువాత వచ్చును.

ఈ సందర్భమున భారతీయులమైన మనము సిగ్గుపడవలసిన చరిత్ర యొకటి కలదు. ఇంగ్లండులో 1978 జూలై 25వ తేదీన ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబు శిశువు జన్మించినది. ఆ కృషికి రాబర్టు ఎడ్వర్డ్సునకు 2010లో నోబెలు బహుమాన మిచ్చిరి. ఆ శిశువు పుట్టిన డెబ్బదిదినములకు, అక్టోబరు 3వ తేదీన, కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయుని కృషివలన అట్టి శిశువే జన్మించినది. ఆయన ఇంగ్లండువారిని అనుకరింపలేదు. అండములను మందులతో పండించెను. పిండమును మంచులో గడ్డకట్టించి నిలువచేసి, తరువాత గర్భాశయమున నుంచెను. గడ్డకట్టించిన పిండమునుండి శిశువు పుట్టినదని పాశ్చాత్యులు చాటినది 1984లో, ఆస్ట్రేలియాలో. నేడు ప్రతి పెద్ద కేంద్రమును అవలంబించు మార్గము ఆయన ముందుగా నడచిన మార్గమే.

ఆయనకు మనమిచ్చిన బహుమానమేమి? రాష్ట్రప్రభుత్వము ఈ శాస్త్రముతో పరిచయము లేనివారిని కూర్చి యొక సంఘము వేసి, ఆయన చెప్పినదంతయు నమ్మదగనిదని తీర్పు వ్రాయించినది. విదేశమునకు పోయి పండితులముందు తన పని నివేదించుటకు సెలవు దొరకలేదు. 1981లో ఆయనను కంటివైద్యసంస్థకు బదలాయించిరి! అదే సంవత్సరము జూను 19వ తేదీన ఆయన ఆత్మహత్య చేసికొనెను. 1986లో బొంబాయిలో పుట్టిన శిశువునకు దేశములో మొదటిదను కీర్తి దక్కినది. ఆ కీర్తిలో భాగస్వామియైన శాస్త్రజ్ఞుడు టి.సి. ఆనందకుమారుడే సుభాషుని వ్రాతప్రతులను పరిశీలించి, మొదటివాడను గౌరవము తనది కాదు, ఆయనదేయని 1997లో ప్రకటించెను. మన శాస్త్రచరిత్రలో అంతటి పెద్దమనస్సు తఱచు కానరాదు. కౌరవులు కుండలలో పుట్టిరి గనుక ఈ విద్య మనపూర్వులకు తెలియునని ఉపన్యసించువారికి మా మనవి యొక్కటే: పురాణమును ప్రయోగశాలగా చదువనక్కఱలేదు, నిజమైన ప్రయోగశాల మనకుండినది, దాని తలుపు మనమే మూసితిమి.

చట్టము చాల ఆలస్యముగా వచ్చినది. 2019 సెప్టెంబరులో డెబ్బదియేండ్లు దాటిన యొక తూర్పుగోదావరి వృద్ధురాలు దాత అండముతో గుంటూరులో కవలలను కన్నప్పుడు పత్రికలు అబ్బురపడినవి. ఆ బిడ్డలు పదియేండ్లవారగునప్పటికి తల్లి యెట్లుండునని అడిగినవారు కొలదిమంది. 2021లో వెలువడి 2022 జనవరి 25నుండి అమలునకు వచ్చిన రెండు చట్టములు ఇందుకు హద్దులు గీసినవి. ఈ చికిత్సకు స్త్రీకి ఏబదియేండ్లు, పురుషునికి ఏబదియైదు పైహద్దు. అండదాత ఇరువదిమూడు మొదలు ముప్పదియైదేండ్ల లోపుదై యుండవలెను. జీవితములో నొక్కసారియే ఈయవలెను. ఏడింటికి మించి తీయకూడదు. ఆమెకు పండ్రెండు నెలల బీమా చేయవలెను. అద్దెగర్భమును వ్యాపారముగా సాగించుట నేరము; వివాహమై స్వంతబిడ్డగల స్త్రీ, ఒక్కసారి, ప్రతిఫలము లేక, వైద్యవ్యయమును ముప్పదియాఱు నెలల బీమాను మాత్రము పొంది, మోయవచ్చును. చికిత్సకు ముందే వ్యయమును, ప్రమాదములను, తమ కేంద్రములో ఫలించు అవకాశమును దంపతులకు విడమఱచి చెప్పవలెనని కూడ చట్టమున నున్నది. ఎందఱు చెప్పుచున్నారు?

చట్టమున్నచోట మోసముండదని మేమనజాలము. 2025 జూలైలో సికింద్రాబాదులోని యొక కేంద్రముపై కేసు నడచినది. అద్దెగర్భము ద్వారా మీ బిడ్డనే యిత్తుమని దంపతులనుండి లక్షలు గైకొని, వేఱొక పేదజంటకు పుట్టిన శిశువును కొని వారి చేతబెట్టిరని పోలీసుల అభియోగము. డీఎన్ఏ పరీక్షలో ఆ శిశువునకును ఈ దంపతులకును రక్తసంబంధము లేదని తేలినపిదపగాని గుట్టు బయటపడలేదు. బిడ్డకై తపించిన యొక తల్లి, పేదఱికముచే బిడ్డ నమ్ముకొన్న యొక తల్లి, నడుమ దళారి. ఈ దారిలో నడుచువారికి మేమొక్క గుర్తు చెప్పెదము: అద్దెగర్భమునకు స్త్రీని మేమే తెత్తుము, ఇంతసొమ్ము కట్టుడు అని యే కేంద్రమైన ననినచో అచటనే లేచి బయటికి రావలెను, ఆ మాటయే చట్టవిరుద్ధము. మగపిల్లవానినే యిత్తుమనువారి దగ్గఱను అంతే.

దత్తత మాట కొందఱకు ఓటమివలె తోచును. 1956 నాటి చట్టము ఆడపిల్లను పెంచుకొనుటకును, ఒంటరి స్త్రీ పెంచుకొనుటకును హక్కిచ్చినది. నేడు చట్టబద్ధముగా దత్తతకు పేరు నమోదు చేసికొన్నవారు సంవత్సరముల తరబడి వేచియున్నారనగా సంఘము మనస్సు కొంత మాఱినదనియే చెప్పవలెను. అసలు బిడ్డలే వలదని నిశ్చయించుకొను హక్కును దంపతులకు కలదు. అది ఇరుగుపొరుగువారికి సంజాయిషీ చెప్పవలసిన విషయము కాదు.

ధనవంతునికి నేడు దారులు పెక్కు. కూలివాని భార్యకు? గోవా వైద్యకళాశాల ఆసుపత్రిలో 2023నుండి ఐవీఎఫ్ ఉచితముగ చేయుచున్నారు. హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ కేంద్రము వెలసినది, సంతోషమే. కాని ఆదిలాబాదునుండి, శ్రీకాకుళమునుండి రాజధానికి నెలకు నాలుగుమాఱులు రాగలవారెందఱు? సూదులు, స్కానింగులు, వీర్యపరీక్ష, ఐయూఐ జిల్లా ఆసుపత్రిలోనే జరుగవచ్చును. ఐవీఎఫ్ అవసరమైన కొలదిమందినే పెద్ద కేంద్రమునకు పంపవచ్చును. ఈ పనికి గొప్ప ధనరాశి యక్కఱలేదు. ప్రతి జిల్లాలో నొక మంచి ప్రయోగశాల, వారమున కొక దినము, భార్యాభర్తలిద్దఱును కూర్చుండుటకు తలుపున్న యొక గది కావలెను. నమోదైన ప్రతి కేంద్రమును, వయస్సుల వారీగా, ఎన్ని పిండములుంచినది ఎందఱు బిడ్డలు పుట్టినది ఏటేట ప్రకటించునట్లు రెండు రాష్ట్రప్రభుత్వములును పట్టుపట్టవలెను.

చట్టమునకును ధనమునకును కాచుకొననక్కఱలేని పని యొకటి వైద్యుల చేతిలోనే యున్నది. మొదటి దినమున వ్రాయు చీటిపై భార్య పేరుతోపాటు భర్త పేరును వ్రాయవలెను. ఆ రెండవ పేరుగలవాడు వచ్చి తన పరీక్ష ముగించుకొనువఱకు ఆమెకు నాళముల ఎక్స్‌రే వ్రాయకుండవలెను.